మల్లుదొర లేని బుర్రకథ

ఉక్కునగరంలో ఒక సాయంత్రం జానపద కథాగానాల కార్యక్రమం జరిగితే వెళ్ళాను. పాడేరు వైపు నుంచి కూతురింటికి వచ్చిన ఒక ముసలాయన్ని కూడా వెంట తీసుకెళ్ళాను. వరసకి నాకు తాత. కుర్చీలన్నీ నిండిపోయాయి. ప్లాంటు ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు, పిల్లలు. మొదట జముకుల కథ, ఆ తర్వాత బుర్రకథ, చివర్న థింసా. థింసా ఆట కదా, కథల కార్యక్రమంలో ఎందుకుందని ఎవరూ అడగలేదు. కథ చెప్పేది మైదానంవాళ్ళు, ఆడేది మనవాళ్ళు అన్న పంపకం అప్పటికే అయిపోయింది.

జముకుల కథ చెప్పినాయన పెద్దవాడు. గొంతు బొంగురు. తెల్లవార్లూ చెప్పే ఎల్లమ్మ కథకి ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆయన మాత్రం కథంతా ఇరికించాలని పరిగెత్తలేదు. ఒక్క ఘట్టం పట్టుకొని, జముకు తీగ మీటుతూ, వంతపాటవాళ్ళ ‘ఊ’ కోసం ఆగుతూ నింపాదిగా చెప్పాడు. మైకు ఇద్దరికి సరిపోక ఒకడి గొంతు వినబడలేదు. అయినా ఆ సాయంత్రం అసలైన కథకుడు ఆయనే అని నా లెక్క.

జనం ఎదురుచూసింది మాత్రం బుర్రకథ కోసం. అల్లూరి సీతారామరాజు కథ. ప్రధాన కథకుడికి మంచి కంఠం ఉంది. తంబూర భుజాన వేసుకొని, బొటనవేలి అందెలు మోగిస్తూ ముందుకీ వెనక్కీ నడుస్తుంటే వేదిక చిన్నదైపోయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసిన ఘట్టంలో గుమ్మెట్లు ఉరిమాయి. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజులు మూడు దాడులని వరస తప్పకుండా చెప్పాడు. రాజకీయ కథను జనంలోకి తీసుకెళ్ళడానికి షేక్ నాజర్ లాంటివాళ్ళు ఈ రూపాన్ని ఎంత పదును పెట్టారో ఇప్పటికీ కనిపిస్తుంది. మధ్యమధ్య సినిమా డైలాగుల ధోరణి తొంగిచూసింది. అది నన్నంతగా బాధించలేదు.

బాధించింది వేరే. కథ పొడవునా ‘అమాయక గిరిజనులు’ అన్న మాటే వినబడింది. వాళ్ళకి పేర్లు లేవు. గంటందొర పేరు ఒక్కసారి, అదీ ప్రాసకోసం వచ్చింది. మల్లుదొర పేరు రాలేదు. పైగా హాస్యం చెప్పే వంతపాటగాడు కొండమీద మనిషి మాట తీరుని వెక్కిరించాడు. చుట్టూ నవ్వులు. తాత చేతికర్ర రెండు చేతుల్తో పట్టుకొని కూర్చున్నాడు. కాసేపటికి నా చెవి దగ్గరికొంగి అడిగాడు: “మరి మా మల్లుదొర ఎటు పోనాడు బాబూ?”

ఈ ప్రశ్నకి జవాబు ఈ ఊళ్ళోనే ఉండాలి. గాం మల్లుదొర 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. ఈ నగరానికి ఎంపీగా పనిచేసిన మనిషిని ఈ నగరం వేదిక మీద కథకుడు మరిచిపోతే, ఆ లోపాన్ని పట్టుకునే ప్రేక్షకుడు ఒక్క ముసలాయనే. ఇక్కడి కొలుముల్లోకి ఇనుపరాయి బైలదిల్లా కొండల నుంచి వస్తుంది. అక్కడి నుంచి విశాఖకు దిగే రైలుదారి అరకు మీదుగానే వేశారు. రాయి దిగడానికి దారి ఉంది గానీ...

గంటందొర బట్టిపనుకుల మునసబు. ఆ పదవి పోగొట్టుకున్నవాడు. గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండదారి రోడ్డు పనిలో మన్యం కూలీలను ఎలా పీల్చాడో రాజుకంటే ముందు ఒళ్ళంతా తెలిసినవాళ్ళు ఇక్కడివాళ్ళే. కోపం ముందు నుంచే ఉంది. రాజు వచ్చి దానికి నాయకత్వం ఇచ్చాడు. ఈ మాట చెబితే రాజు చిన్నబోడు. కథ బలపడుతుంది. కోపం లేని అమాయకులు తుపాకులు ఎందుకెత్తుకెళ్ళారో బుర్రకథలో ఎక్కడా అర్థం కాలేదు. అది కథనంలోనే ఉన్న లోపం. మనోభావాల గొడవ కాదు.

కోయ డోలి కథకులు ఇలా చెప్పరు. మణుగూరు దగ్గర కూనవరం వాడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయాడు. సమ్మక్క సారలమ్మల కథ అటు కోయలోనూ ఇటు తెలుగులోనూ చెప్పగలిగినవాడు. ఆ సంప్రదాయంలో గట్టు, వేల్పు, వంశం, ఇవి చెప్పకుండా కథ కదలదు. పడిగె గుడ్డ మీద బొమ్మలూ ఆ జ్ఞాపకమే. పేర్లే కథ. పేరు తీసేస్తే మిగిలేది డోలు చప్పుడు.

ఇక మన సంగతి. ఇలాంటి కార్యక్రమాల మీద మనం రాసే వ్యాసాలు చూడండి. ‘మన కళలు అంతరించిపోతున్నాయి’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఏ కథకుడు ఎక్కడ బాగా ఆగాడు, ఎక్కడ తొందరపడ్డాడు, ఏ మాట తప్పుగా వాడాడు అని రాయం. మెచ్చుకోలు సులువు. తప్పు పట్టాలంటే చివరిదాకా వినాలి. మా ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవంలో నేనే రాయించిన నాటికలో కూడా ‘అమాయకులు’ అన్న మాట ఉంది. తాత అడిగేదాకా నాకు తట్టలేదు.

థింసా అయిపోయాక బుర్రకథ చెప్పినాయన్ని కలిశాను. చెమట తుడుచుకుంటూ టీ తాగుతున్నాడు. విషయం చెప్పాను. నొచ్చుకుంటాడనుకున్నాను, నొచ్చుకోలేదు. “మా గురువుగారు ఇచ్చిన పాఠం అంతే మాష్టారూ. నాకు మల్లుదొర గురించి తెలీదు. మీరు రాసివ్వండి, వంత కుదిరేలా ఉంటే తప్పకుండా చెప్తాను. ఆ యాస ముక్క కూడా తీసేయిస్తాను” అన్నాడు.

ఇంటికొచ్చి మొదలుపెట్టాను. గంటందొర మునసబు పదవి పోయిన ఘట్టం కుదిరింది. మల్లుదొర ఢిల్లీ వెళ్ళిన ఘట్టానికి నడక దొరకడం లేదు. తాతకి చదివి వినిపిస్తే రెండు చోట్ల ‘ఊ’ కొట్టాడు, మూడో చోట మళ్ళీ చదవమన్నాడు.