అత్తగారి గొంతు ఎవరిది?

పోయిన వారం మేం చూసే సీరియల్‌లో అత్తగారు మారిపోయింది. బుధవారం దాకా ఒకావిడ, గురువారం ఇంకొకావిడ. తెర కింద ఓ పట్టీ పరిగెత్తింది, ఇకపై ఈ పాత్రలో ఫలానా వారు అని. అంతే. ఏళ్ల తరబడి ఆ ఇంటి తాళాలు నడుముకు దోపుకుని తిరిగిన మనిషి ఎందుకు వెళ్లిపోయిందో, ఒంట్లో బాగాలేకనో డేట్లు కుదరకనో, చెప్పిన నాథుడు లేడు. నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం రెండు మూడు ఎపిసోడ్లకే సర్దుకుపోయింది. "నీకేమీ అనిపించడం లేదా అమ్మా?" అని అడిగాను. "మనిషి మారితే మారిందిలే, మాట అదే కదా" అంది టీవీ మీంచి చూపు తిప్పకుండా.

నిజమే. ముఖం మారింది, గొంతు మారలేదు. మాట చివర అదే దీర్ఘం, కోడలి పేరు పిలిచే ముందు అదే చిన్న విరుపు. పాత అత్తగారికి డబ్బింగ్ చెప్పినావిడే కొత్తావిడకీ చెబుతోంది. మరి అమ్మ ఇన్నేళ్లుగా తిట్టుకున్నదీ, అప్పుడప్పుడూ జాలిపడ్డదీ ఎవరి మీద? కనిపించే మనిషి మీదా, వినిపించే మనిషి మీదా?

ఈ కాలమ్ మొదటి నుంచీ చదువుతున్నవాళ్లకు నా గోలలు రెండూ కంఠతా వచ్చే ఉంటాయి. సీరియల్‌లో పనిచేసినవాళ్ల పేర్లు సరిగా వేయరన్నది ఒకటి. తెలుగు రానివాళ్లను తెచ్చి తెలుగు అత్తలుగా, అమ్మలుగా నిలబెడతారన్నది రెండోది. ఈ వారం ఆ రెండోదాని మీద గట్టిగా రాద్దామనే కూర్చున్నాను.

ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచిన 'కార్తీక దీపం' చూడని ఇల్లు తక్కువ. వంటలక్కగా మన ఇళ్లలో మనిషైపోయిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. దాని మాతృక 'కరుత్తముత్తు'లోనూ ఆ వేషం ఆమెదే. అత్తగారు సౌందర్యగా చీరకట్టుతో, నిలబడే తీరుతో సగం కథ మోసిన అర్చనా అనంత్ కన్నడ నుంచి వచ్చారు. ఆ ముఖాలు లక్షల మందికి గుర్తు. ఆ ముఖాలకు తెలుగు పలికిన గొంతుల పేర్లు ఎంతమందికి తెలుసు?

సెట్లో పని ఎలా నడుస్తుందో తెలిస్తే ఇందులో వింతేమీ కనిపించదు. రోజుకో ఎపిసోడ్ చొప్పున చానెల్‌కు అందాలి. ముందు తీసి పెట్టుకున్న బ్యాంక్ కరిగిపోతుంటే అందరి గుండెల్లో రైళ్లు పరిగెడతాయి. డైలాగ్ పేపరు ఆ పూటే చేతికొస్తుంది. కంఠస్థం పట్టే వ్యవధి ఉండదు కనుక కెమెరా పక్కన నిలబడి ఒకరు ప్రాంప్టింగ్ ఇస్తారు. ఒక్కో వాక్యం గట్టిగా చదువుతుంటే ఆర్టిస్టు విని, ముఖంలో విన్న జాడ రానీయకుండా, తనకే అప్పుడు తోచినట్టు అనాలి. చెవి ఒక పని, పెదవి ఒక పని, కళ్లు మరో పని చేస్తుంటాయి. ఎదురుగా కోడలు ఏడుస్తుంటే ఆ ఏడుపుకు స్పందించాలి కూడా. ప్రాంప్టర్ గొంతు కలిసిన ఆ శబ్దాన్ని ఎలాగూ వాడుకోలేరు. అందుకని సంభాషణంతా తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పిస్తారు. అలాంటప్పుడు తెలుగు వచ్చినా రాకపోయినా ఒకటే అనుకునే నిర్మాతకు బెంగళూరైనా కొచ్చి అయినా తేడా ఏముంటుంది?

ఈ పనంతా చేసే మనుషులు హైదరాబాద్‌లో దగ్గర దగ్గరే ఉంటారు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్కటే స్టేషను. ఈ కాస్త మేరలో, ఇటు శ్రీనగర్ కాలనీ, అటు ఎల్లారెడ్డిగూడ, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ కలుపుకుంటే, తెలుగు సీరియల్‌ను బతికించే మనుషుల్లో చాలామంది ఇక్కడే అద్దెకుంటారు. అమీర్‌పేట అంటే ఊళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లకు మైత్రీవనం, కోచింగ్ సెంటర్లు. మా తరానికి సారథి స్టూడియోస్. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమాగా చెప్పుకునే 'మా ఇంటి మహాలక్ష్మి' (1959) అక్కడ తయారైంది. తర్వాత అదే స్టూడియో టీవీ షూటింగులకూ నెలవైంది. క్యారెక్టర్ ఆర్టిస్టుల చీరల కొనుగోళ్లు కూడా అమీర్‌పేట గల్లీల్లోనే. సీరియల్‌లో చాలామంది ఆర్టిస్టులు బట్టలు, నగలు సొంతంగానే తెచ్చుకోవాలి. జమీందారు ఇంటి అత్తగారైతే రోజుకు రెండు పట్టుచీరలు తిప్పాలి. మ్యాచింగ్ సెంటర్లో జాకెట్ ముక్క, లైనింగు, వన్‌గ్రామ్ హారం అన్నీ ఆవిడ జేబు ఖర్చే. సీన్ సగంలో ఆగిందంటే ఆ చీర కంటిన్యుటీ కోసం పక్కన పెట్టేయాలి, మళ్లీ ఆ సీన్ పూర్తయ్యేదాకా మరోచోట కట్టడానికి వీల్లేదు. ఇంత పెట్టుబడి పెట్టి ముఖం చూపించే మనిషికి గొంతు మాత్రం తనది కాకుండా పోతోంది.

ఈ మాట దగ్గరికొచ్చేసరికి నాకు నటి తెలంగాణ శకుంతల గుర్తొచ్చింది. ఈ మధ్య టీవీలో 'ఒక్కడు' వేసినప్పుడు పక్క గదిలో ఉన్నా ఆ గొంతు వినగానే ఎవరో తెలిసిపోయింది. విలన్ ఓబుల్‌రెడ్డి తల్లి. గరుకు గొంతు, ఛాతీలోంచి లేచే కేక. ఆ ఇంట్లో అంత క్రూరుడికీ అమ్మ ఉందనీ, ఆ అమ్మ ముందు వాడు కొడుకేననీ నాలుగు సీన్లలో తేల్చిపారేసింది.

ఆమెది నాటకరంగం పెంచిన గొంతు. కడియాల శకుంతలగా రవీంద్రభారతి వేదిక మీద నిలబడి, వెనక వరుసలో కూర్చున్నవాడికి మాట అందించడం నేర్చుకుని సినిమాకొచ్చింది. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'తో తెరకెక్కింది. మైకు ముందు నిలబడి తర్వాత నింపుకునే మాటకూ, మనిషి ఒంట్లోంచి అప్పటికప్పుడు పుట్టే మాటకూ తేడా ఏమిటో తెలుసుకోవాలంటే ఆమె చెయ్యి చూడాలి. తిట్టు నోట్లోంచి రాకముందే భుజం కదులుతుంది. చెయ్యి గాల్లోకి లేస్తుంది. మాట ఆ చేతి వెనకాలే వస్తుంది. చెయ్యి దిగేలోగా అవతలివాడు సగమవుతాడు. డబ్బింగ్‌లో పెదవికి మాట అతికించవచ్చు. భుజానికి అతికించడం ఎవరి తరమూ కాదు.

'మా భూమి' తర్వాత జనం నోట్లో ఆమె పేరు నానడానికి చాలా ఏళ్లు పట్టింది. తేజ తీసిన 'నువ్వు నేను' 2001లో వచ్చింది, ఆమెకు యాభై ఏళ్లప్పుడు. ఆ తర్వాత వరసగా 'ఒక్కడు', 'గంగోత్రి'. 2003లో తమిళంలో విక్రమ్ హీరోగా వచ్చిన 'ధూళ్'లో హీరోకు ఎదురు నిలిచిన సొర్ణక్క ఆమే. అరవవాళ్లు ఈనాటికీ ఆమెను ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. హీరోయిన్లను ముప్ఫై దాటగానే పక్కనపెట్టే పరిశ్రమలో, యాభై ఏళ్ల ఆడమనిషి హీరోను ఎదిరించే విలన్‌గా నిలబడడం మామూలు సంగతి కాదు. తెలంగాణ మాట పెడితే రౌడీకో పనిమనిషికో పెట్టాలన్న సినిమావాళ్ల దురలవాటు మీద నేను ఎన్నోసార్లు రాశాను. ఆ అలవాటు ఆమె వేషాల్నీ కొంత కుదించింది. ఆ ఇరుకులో కూడా ఆమె చోటు చేసుకుంది. ఇచ్చిన రెండు పేజీల తిట్లలోంచి ఒక మనిషిని తయారుచేసింది. 2014 జూన్ 14 తెల్లవారుజామున కొంపల్లిలో గుండెపోటుతో పోయింది. తన పేరు ముందు చేరిన రాష్ట్రం ఏర్పడి అప్పటికి పన్నెండు రోజులు. ఆమెకు అరవై మూడేళ్లు నిండి అయిదు రోజులు.

తెలుగు మాటకు తెలుగు మనిషే కావాలన్న నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది అనుకుంటాం కదా. కానీ శకుంతల మాతృభాష తెలుగు కాదు. ఆమె మరాఠీ కుటుంబంలో పుట్టిన మనిషి. ఇక్కడి బస్తీల్లో, ఇక్కడి నాటకాల్లో తెలంగాణ మాటను విని, నమిలి, సొంతం చేసుకుంది. ఆపైన 'ఒక్కడు'లో కర్నూలు తల్లి అయింది. ఆమెను పరిచయం చేసిన 'మా భూమి'నే తీసుకోండి. దర్శకుడు బెంగాలీ. మూలకథ కిషన్ చందర్ ఉర్దూ నవల. తెలంగాణ రైతాంగ పోరాటం మీద ఇప్పటికీ మనం ముందు చెప్పుకునే సినిమా అదే. అవతల డబ్బింగ్ జానకి సంగతి చూడండి. డబ్బింగ్ పనే ఇంటిపేరైపోయి, 'సాగరసంగమం'లో కమల్‌హాసన్ తల్లిగా తెర మీద కళ్లు తడిపించారు. గొంతు ముఖం దాకా నడవగలదు, పరాయి ముఖం మన మాట దాకా నడవగలదు. మధ్యలో కావాల్సింది నేర్చుకునే వ్యవధి, నేర్పే మనిషి.

కొన్నాళ్ల కిందట ఓ షూటింగ్‌లో కాసేపు కూర్చునే వీలు కలిగింది. అద్దెకు తీసుకున్న బంగళా, హాల్లో నిండా లైట్లు, మేడమెట్ల మీద తీగలు. కర్ణాటక నుంచి వచ్చిన ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు లైటింగ్ సర్దేలోగా సోఫా చివర కూర్చుని చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటోంది. తొంగి చూశాను. కన్నడ అక్షరాలు మనకు సగం చదవొస్తాయి కదా. చూస్తే అది కన్నడ లిపిలో తెలుగు డైలాగు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ నిలువు గీత. ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ కింద గీత. ఎలాగూ ఇంకొకరు డబ్బింగ్ చెప్పే వాక్యాల కోసం పడుతున్న పాటు అది. ప్రాంప్టర్ కుర్రాణ్ని పిలిచి అడిగింది, వచ్చీరాని తెలుగులో: "బాబూ, ఈవిడ కోడల్ని రోజూ 'నువ్వు' అంటుంది కదా. ఈ సీన్‌లో కోపంలో 'మీరు' అంటే ఇంకా గట్టిగా తగులుతుందా?"

తెలుగు ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య మాట ఎప్పుడు చల్లబడుతుందో ఆమెకు అర్థమైంది. మన అత్తలు నిజంగా కోపమొస్తే గొంతు పెంచరు, మన్నన పెంచుతారు. ఆ కుర్రాడు ఏదో చెప్పబోయాడు. అంతలో లైట్ రెడీ అన్నారు. ఆమె లేచి మార్కు మీద నిలబడింది. పేపర్లో ఉన్నట్టే 'నువ్వు' అంది, షాట్ పూర్తయింది.

అంత ఆలోచించే మనిషి ఏ ఊరిదైతే నాకేమిటి? ఆవిడకు నెల రోజులు తెలుగు నేర్పి, తన గొంతుతో తననే మాట్లాడనిస్తే మన అత్తగారు ఇంకా బాగుపడుతుంది. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ల మీద కన్నెర్ర చేయడం ఈ జబ్బుకు మందు కాదు. ఇంకో మాట కూడా అనాలి. పూటకో పేపరు, రోజుకో ఎపిసోడు అని మనం ఎంత తిట్టుకున్నా, నలభై దాటిన ఆడవాళ్లకు నెలలో సగం రోజులు పనిచ్చి, కథ మధ్యలో నిలబెట్టి మాట్లాడించే చోటు మన వినోద పరిశ్రమలో డైలీ సీరియలే. వాళ్లకు సినిమా ఇచ్చేది రెండు సీన్లు, ఒక కాఫీ కప్పు. ఆ లెక్కన సీరియల్‌కు నేను రుణపడి ఉన్నాను.

ఇక మిగిలింది నా మొదటి గోల. అందులో రవ్వంత కూడా తగ్గను. ఆకాశవాణి నాటకం వింటూ పెరిగినవాళ్లకు శారదా శ్రీనివాసన్ ముఖం తెలియకపోయినా పేరు తెలుసు. నాటకం అయిపోగానే పాల్గొన్నవారి పేర్లన్నీ చదివేవారు. ఒక్క మాట చెప్పి వెళ్లిపోయిన పనిమనిషి పాత్ర పేరు కూడా. గొంతు తప్ప ఇంకేమీ లేని మాధ్యమం ఆ గొంతుకు ఇచ్చిన మర్యాద అది. సినిమాలో డబ్బింగ్ చెప్పినవారికి నంది అవార్డుల్లో విడిగా బహుమతి ఉండేది. రోజూ రాత్రి మన ఇళ్లలోకి వచ్చే గొంతుకు మాత్రం తెర మీద ఒక్క వరుస చోటు దొరకడం లేదు. పేర్లు వేసినా రెప్పపాటులో దాటేస్తారు.

చానెళ్లలో ఈ కాలమ్ చదివేవాళ్లున్నారని నాకు తెలుసు. అందుకే వాళ్లనే అడుగుతున్నాను. వారానికి ఒక్కసారైనా, శనివారం ఎపిసోడ్ చివర, అర నిమిషం పాటు పేర్లు నిదానంగా వేయండి. అత్తగారి వేషం వేసినావిడ పేరు, పక్కనే ఆవిడకు గొంతు ఇచ్చినావిడ పేరు. ఆర్టిస్టును మార్చాల్సి వస్తే, వెళ్లిపోయినావిడకు ధన్యవాదాలు అని ఒక్క వాక్యం రాయండి. తెలుగు నేర్చుకుని తానే డబ్బింగ్ చెప్పుకుంటానని ఏ పొరుగు రాష్ట్రం ఆర్టిస్టయినా ముందుకొస్తే, ఒక రోజు ఆలస్యమైనా సరే, ఆవిడను మైకు ముందు నిలబెట్టండి.