పాత కాగితాల్లో తుపాను జాడ

బంగాళాఖాతం తుపానుల దారులు భారత వాతావరణ శాఖ పటాల్లో 1891 నుంచి వరసగా దొరుకుతాయి. అంతకుముందు వచ్చినవాటి ఆనవాళ్లను ఓడల లాగ్‌బుక్కులు, కలెక్టర్ల ఉత్తరాలు, శిస్తు లెక్కలు, పత్రికల వార్తల్లోంచి ఏరుకోవాలి. ఓడ ఎక్కడుందో తెలియడానికి కెప్టెన్ రాసుకున్నాడు. వసూలు ఎందుకు పడిపోయిందో పైవాళ్లకు చెప్పడానికి కలెక్టర్ రాశాడు. ఎవరు ఏ పనిమీద రాశారో చూస్తేగాని వారి మాటను ఎంతవరకు నమ్మొచ్చో తెలియదు. శిస్తు మాఫీ కోరే అర్జీలో నష్టం కాస్త పెరగడం సహజం. గాలి ఏ దిక్కు నుంచి వీచిందో రాసేటప్పుడు పెంచి చెప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

ముందు తేల్చుకోవలసింది తేదీ. 18వ శతాబ్దంలో 1752 దాకా ఇంగ్లీషువాళ్ల క్యాలెండరు ఇప్పటిదానికంటే 11 రోజులు వెనక నడిచింది. కలకత్తాను ముంచిన 1737 తుపాను తేదీ వాళ్ల లెక్కలో సెప్టెంబరు 30, నేటి లెక్కలో అక్టోబరు 11. పైగా ఆనాటి ఇంగ్లీషు ఓడల్లో తేదీ మధ్యాహ్నమే మారేది. ఒడ్డున 11వ తేదీ సాయంత్రమైతే లాగ్‌బుక్కులో అప్పటికే 12. ఇవి సరిచూడకపోతే ఒకే తుపాను రెండుగా లెక్కలోకి వస్తుంది.

తరువాత చూడవలసింది గాలి దిక్కు. భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. పడమరకు నడిచే తుపానులో, ఒక ఊళ్లో మొదట ఉత్తరం నుంచి వీచిన గాలి తూర్పు మీదుగా దక్షిణానికి మళ్లితే తుపాను కేంద్రం ఆ ఊరికి దక్షిణంగా దాటినట్టు. పడమర మీదుగా మళ్లితే ఉత్తరంగా దాటినట్టు. ఉత్తరపు గాలి హఠాత్తుగా ఆగి, కాసేపటికి దక్షిణం నుంచి విరుచుకుపడితే తుపాను కన్ను ఊరి మీదుగానే వెళ్లింది. ఇలాంటి వివరాలు నాలుగైదు చోట్లవి వేళలతో సహా దొరికితే పటం మీద దారి గీయవచ్చు. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ 1839 నుంచి లాగ్‌బుక్కులు పోగుచేసి, ఇలాగే ఒక్కో తుపానును శోధించి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురిస్తూ వచ్చాడు.

బారోమీటరు అంకె ఉంటే గాలి వేగాన్నీ అంచనా కట్టవచ్చు. లేనప్పుడు నష్టాన్ని బట్టే చెప్పాలి. మట్టిగోడ వానకు నానినా కూలుతుంది కనుక అది గట్టి సాక్ష్యం కాదు. పెద్ద చెట్లు వేళ్లతో లేచిపోవడం, పడవలు పొలాల్లోకి కొట్టుకురావడం అంతకంటే నమ్మదగినవి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసింది మృతుల సంఖ్య. 1737 తుపానులో 3 లక్షల మంది పోయారని, 20 వేల పడవలు నాశనమయ్యాయని, భూకంపం కూడా వచ్చిందని లండన్ పత్రికల్లో వచ్చింది. భూకంప శాస్త్రవేత్త రోజర్ బిల్హామ్ 1994లో ఈ వార్తలను ఈస్టిండియా కంపెనీ రికార్డులతో పోల్చి చూశాడు. కంపెనీ సుంకాల అధికారి నివేదికలో పూరిళ్లు దాదాపు అన్నీ పోయాయని, నగరంలో 3 వేల మంది చనిపోయారని ఉంది. భూకంపం ఊసే లేదు. విచిత్రమేమంటే, 1839 నవంబరులో గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవును ముంచిన ఉప్పెన గురించి నేడు చలామణిలో ఉన్న జాబితాల్లోనూ అవే 3 లక్షల మంది, అవే 20 వేల పడవలు. ఒక రేవు అంకెలు ఇంకో రేవుకు పాకాయన్న అనుమానం రాక మానదు. అంతమాత్రాన కోరంగి ఉప్పెన చిన్నదనడానికి లేదు. సంఖ్యను పక్కన పెట్టి నీరు ఎంత ఎత్తున, ఎంత దూరం వచ్చిందో వెతకాలి.

ఈ పని వల్ల నేటి అవసరమూ తీరుతుంది. 1864 నవంబరు 1న మచిలీపట్నం ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది మచిలీపట్నం ఉన్న ఆ కృష్ణా డెల్టా తీరానికే. 1891 తర్వాతి పటాలే చూస్తే 1864 లెక్కకు రాదు. కరకట్ట ఎత్తు, తుపాను షెల్టరు నేల మట్టం నిర్ణయించేటప్పుడు అలాంటి ఉప్పెన ఎన్నేళ్లకొకసారి రావచ్చో తెలియాలి. ఆ లెక్క కట్టడానికి నూరేళ్ల పైచిలుకు పటాలు చాలవు, పాత కాగితాలు కూడా కావాలి.