ఫోటాన్ల లెక్కలో ‘సంక్షోభం’: పునరయనీకరణ వాదంపై ఒక విమర్శ

మహావిస్ఫోటనం తర్వాత సుమారు 3,80,000 సంవత్సరాలకు ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు కలిసి తటస్థ హైడ్రోజన్ ఏర్పడింది. తొలి నక్షత్రాల, గెలాక్సీల అతినీలలోహిత కాంతి ఆ వాయువును మళ్ళీ అయాన్లుగా విడగొట్టింది. ఇదే పునరయనీకరణం. సుమారు 100 కోట్ల సంవత్సరాల నాటికి ఇది ముగింపు దశకు చేరిందని సుదూర క్వేజార్ల వర్ణపటాలు సూచిస్తున్నాయి.

2024లో జూలియన్ మున్యోస్, ఆయన సహపరిశోధకులు ఈ అవగాహనను ప్రశ్నించారు. జేమ్స్ వెబ్ దూరదర్శిని చూపిన గెలాక్సీల ఫోటాన్లను లెక్కిస్తే ఈ ప్రక్రియ ఎంతో ముందే ముగిసి ఉండాలన్నది వారి వాదన. నేపథ్య వికిరణం స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల వల్ల ఎంత చెదిరిందో తెలిపే ప్లాంక్ విలువ (0.054 ± 0.007) అందుకు అనుకూలంగా లేదు. అందువల్లనే ‘సంక్షోభం’ అన్న మాట వచ్చింది.

అయితే ఈ లెక్క మూడు రాశుల లబ్ధం. మొదటిది గెలాక్సీల మొత్తం అతినీలలోహిత కాంతి. ఇందులో అతి మసక గెలాక్సీల వాటా ఊహాధారితం. రెండవది అయనీకరణ సామర్థ్యం. దీనిని ఉద్గార రేఖల నుండి రాబడతారు. మూడవది గెలాక్సీని దాటి బయటపడే ఫోటాన్ల భాగం. మధ్యనున్న హైడ్రోజన్ ఆ ఫోటాన్లను పీల్చివేస్తుంది గనుక ఆ యుగంలో దీనిని నేరుగా కొలవలేము. సమీప గెలాక్సీలలో కనిపించిన సంబంధాన్నే ఆదిమ గెలాక్సీలకూ వర్తింపజేశారు. వాదంలోని బలహీనమైన కీలు ఇదే.

రెండవ రాశి కూడా స్థిరమైనది కాదు. హకీమ్ అతెక్ బృందం ఏబెల్ 2744 గుచ్ఛపు గురుత్వ కటకం సాయంతో 8 మసక గెలాక్సీలను పరిశీలించి, వాటి సామర్థ్యం అంతవరకు అనుకున్నదానికి సుమారు 4 రెట్లని తేల్చింది. ఆ తర్వాత సిమండ్స్ బృందం ద్రవ్యరాశి దృష్ట్యా సమగ్రమైన నమూనాను తీసుకోగా సగటు తగ్గింది, సంక్షోభమూ సడలింది. ఉజ్జ్వల రేఖలున్న గెలాక్సీలనే ఎంచుకుంటే సగటు పెరగడం సహజం. కనుక ఇక్కడ తేలినది విశ్వంలోని వైరుధ్యం కన్నా నమూనా ఎంపికలోని పక్షపాతమే ఎక్కువ.

మున్యోస్ బృందం తమ శీర్షికలో ప్రశ్నార్థకాన్ని నిలుపుకొన్నది, పరిష్కార మార్గాలనూ సూచించింది. ఆ పత్రం విలువ సంక్షోభాన్ని ప్రకటించడంలో లేదు. ఏ రాశి మనకు తెలియదో స్పష్టం చేయడంలో ఉంది. తటస్థ హైడ్రోజన్ వెలువరించే 21 సెం.మీ. రేడియో సంకేతం ఆ రాశిపై ఆధారపడకుండానే పునరయనీకరణ చరిత్రను చెప్పగలదు. ఆ సాక్ష్యం వచ్చేవరకు ప్రశ్నార్థకాన్ని తొలగించి బోధించడం శాస్త్రీయం కాదు.