సంచి పెద్దదైతే చాలునా?

అనకాపల్లి జిల్లా మాడుగులలో హల్వా పొయ్యి దగ్గర నిలబడి చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. గోధుమపాలు, పంచదార, నెయ్యి కళాయిలో పడిన తరువాత తెడ్డు ఆగకూడదు. ఆగితే అడుగు మాడుతుంది. పైన పచ్చిగానే ఉంటుంది. పండుగకు పది రెట్లు హల్వా కావలసివస్తే పది రెట్లు పెద్ద కళాయి ఎక్కించడంకంటె మరికొన్ని పొయ్యిలు వెలిగించడమే మేలు. మందుల కోసం జీవకణాలను పెంచే పాత్రల విషయంలో ఈ చిన్న సంగతిని పెద్దవారు సైతం మరచిపోతున్నారు.

ఇక్కడ విమర్శకు తీసుకొన్నది విజయ్ సింగ్ 1999లో 'సైటోటెక్నాలజీ' పత్రికలో ప్రకటించిన వ్యాసం. ఆయన పద్ధతి చాల సులువైనది. గామా కిరణాలతో శుద్ధిచేసిన ప్లాస్టిక్ సంచిలో పోషక ద్రవాన్ని సగానికి మించకుండా పోసి, ఊగే బల్లమీద పెడతారు. ద్రవంలో అలలు లేస్తాయి. పైనున్న గాలినుండి ఆమ్లజని అందులో కరుగుతుంది. తిరిగే రెక్కలు లేవు, బుడగలు లేవు. పని ముగియగానే సంచిని పారవేస్తారు. కడగడం, ఆవిరిపట్టడం అనే శ్రమ లేదు.

ఈ సుకుమారం ఎందుకని విద్యార్థులు అడగవచ్చు. క్షీరదాల కణాలకు బాక్టీరియాకున్నటువంటి గట్టి గోడ లేదు. పైగా అవి రెండింతలు కావడానికి సుమారు ఒక రోజు పడితే, ఇ. కోలై బాక్టీరియాకు అనుకూల పరిస్థితులలో 20 నిమిషాలు చాలు. ఒక్క సూక్ష్మజీవి దూరినా పాత్ర అంతా దానిదే. కాబట్టి ప్రతిసారి కొత్త సంచి అన్న ఆలోచన మెచ్చదగినదే.

అయితే ఆ వ్యాసం చూపినది 100 లీటర్ల వరకు. దానిని పట్టుకొని "ఇక ఎంతకైనా పెంచవచ్చు" అన్నవారితోనే మా తగవు. ఉపాధ్యాయులు నల్లబల్లమీద ఈ లెక్క వేయించవచ్చు. ఆకారం మార్చకుండా 1 లీటరు పాత్రను 2000 లీటర్లకు పెంచితే పొడవు, వెడల్పు, లోతు 12.6 రెట్లు అవుతాయి. అప్పుడు ఒక్కొక్క లీటరుకు దక్కే ఉపరితలం 12.6వ వంతుకు పడిపోతుంది. అల ఆడాలంటే ద్రవం పలుచగా పరచుకోవాలి. అంత సంచిని పరచడానికి గది చాలదు.

అందువల్ల 2000 లీటర్ల పాత్రలలో ఊపడం మానివేశారు. సంచిని ఉక్కు తొట్టిలో నిలబెట్టి, లోపల రెక్క తిప్పి, అడుగునుండి బుడగలు వదులుతున్నారు. రెండు టన్నుల బరువును మోసేది ఉక్కే గాని ప్లాస్టిక్ కాదు. బుడగలు పైకి వచ్చి పగిలేటప్పుడు కణాలు చిరుగుతాయి గనుక రక్షణకు పొలాక్సమర్ అనే పదార్థాన్ని కలుపుతారు. లోతు ఎక్కువైనకొద్దీ కణాలు విడిచిన బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడం మరొక తలనొప్పి. తప్పించామని చెప్పుకొన్న చిక్కులే వెనుక గుమ్మంనుండి తిరిగివచ్చాయన్నమాట. పేరు మాత్రం మారలేదు!

సంచి పదార్థం సంగతి ఇంకా విచిత్రం. ప్లాస్టిక్ చెడిపోకుండా అందులో కలిపే ఒక రసాయనం గామా కిరణాలకు విరిగి, కణాల పెరుగుదలను అణచే ఫాస్ఫేటు పదార్థంగా మారుతున్నదని 2013లో ఆమ్జెన్ సంస్థ పరిశోధకులు ప్రకటించారు. శుద్ధిచేసే కిరణమే విషానికి కారణమయింది. ఇక్కడ లెక్క తలక్రిందులవుతుంది: లీటరుకు ఎక్కువ ప్లాస్టిక్ తగిలేది చిన్న సంచిలోనే.

ఇంతమాత్రాన సంచిని నిందించడం న్యాయం కాదు. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదలచేసిన రెడిటక్స్, లింఫోమా అనే కాన్సరుకు వాడే ప్రతిదేహం. ఇటువంటి మందులను నాలుగైదింటిని ఒకే కర్మాగారంలో వంతులవారీగా చేయదలచినవారికి సంచి మార్చుకోవడం పెద్ద వరమే. కాని ఉక్కు పాత్రను ఒకసారి కొంటే ఏళ్ళతరబడి మనదే. సంచిని ప్రతి విడతకూ కొనాలి. 2021లో అమెరికా ఆంక్షలవల్ల సంచులు, వడపోత సామగ్రి అందడం లేదని పూణేలోని సీరం సంస్థ బహిరంగంగా మొరపెట్టుకొన్నది.

12,000 లీటర్ల ఉక్కు పాత్ర ఒకటి, 2000 లీటర్ల సంచులు ఆరు. సంచులలో ఒకటి చెడితే నష్టం ఆరవ వంతే. ఉక్కు పాత్రలో చెడితే మొత్తం పోతుంది. కాని విడతకు ఆరు సంచులు కొనాలి, ఆరింటినీ పరీక్షించాలి, ఆరింటినీ తగులబెట్టాలి. సంచులను అమ్మేవారి ప్రకటనలలో మొదటి వాక్యం ఉంటుంది గాని రెండవది కనబడదు.