పసుపుతో మెదడుకు మేలేనా?

పసుపులోని కర్క్యుమిన్ మెదడులో శోథను తగ్గిస్తుందని మీరు చదివే ఉంటారు. ఆ మాటకు ఆధారం ఏమిటో చూద్దాం.

మైక్రోగ్లియా మెదడులోని రక్షణ కణాలు. గాజు పళ్లెంలో పెంచిన ఎలుక మైక్రోగ్లియాకు బాక్టీరియా పైపొర నుంచి తీసిన లైపోపాలిశాకరైడ్‌ను తగిలిస్తే అవి నైట్రిక్ ఆక్సైడ్ వంటి శోథకారకాలను వెలువరిస్తాయి. కర్క్యుమిన్ కలిపితే ఆ విడుదల తగ్గుతుంది. ఇంతవరకు నిజమే.

అయితే పళ్లెంలోని కణానికి కర్క్యుమిన్ నేరుగా అందుతుంది. మనం తిన్నది పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఆ కాస్తనూ శరీరం త్వరగా మార్చివేస్తుంది. ఇక మెదడుకు మిగిలేది ఎంత? అమెరికాలో 36 మంది అల్జీమర్స్ రోగులపై 24 వారాలు జరిపిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. కర్క్యుమిన్ తీసుకున్నవారికి ప్రత్యేకంగా మేలు కనిపించలేదు. 2017లో 'జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ' సమీక్ష మరో చిక్కును ఎత్తిచూపింది: కర్క్యుమిన్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది, స్వయంగా ప్రతిదీప్తినిస్తుంది, కనుక ప్రయోగశాల పరీక్షలనే తప్పుదారి పట్టించగలదు.

36 మంది చిన్న సంఖ్యే. దానితో కర్క్యుమిన్ పనికిరాదని తేల్చలేం. కాని పనిచేస్తుందని రుజువు చేయవలసింది అలా చెప్పేవారే. ఈసారి ఇలాంటి వార్త చూస్తే మీరే అడగండి: ప్రయోగం పళ్లెంలోనా, మనిషిలోనా? మోతాదు ఎంత? మెదడుకు చేరిందా?