చిరకారి ఆలస్యం

'నిదానమే ప్రధానం' అన్నది మన పెద్దలే, 'ఆలస్యం అమృతం విషం' అన్నదీ వారే. వారాంతపు తెలుగు తరగతిలో ఈ రెండింటికీ పొత్తు కుదర్చవలసి వచ్చినప్పుడల్లా మేము మహాభారత శాంతిపర్వంలోని చిరకారి కథను ఆశ్రయిస్తున్నాము. దానిని ఇన్నాళ్లూ సగమే చెప్పామని ఇప్పుడు తోస్తున్నది.

ఒక కార్యాన్ని త్వరగా తేల్చాలా, తడవు చేసి తేల్చాలా అని ధర్మరాజు అడిగినప్పుడు భీష్ముడు చెప్పిన కథ ఇది. గౌతముడు భార్య తప్పు చేసిందని ఆగ్రహించి, ఆమెను వధించుమని కుమారుని ఆజ్ఞాపించి అడవికి వెళ్లిపోతాడు. చిరకారి సరే అంటాడు. అని, ఆలోచనలో పడతాడు. తండ్రి ఆజ్ఞ పాలించడం ధర్మమే, తల్లిని కాపాడడమూ ధర్మమే. చివరకు తప్పు స్త్రీది కాదు, పురుషునిదే అన్నంతవరకు ఆ ఆలోచన సాగుతుంది. ఇంతలో తండ్రి పశ్చాత్తాపంతో, కన్నీళ్లతో తిరిగి వస్తాడు. కొడుకు ఆయుధం విడిచి అతని పాదాలకు మ్రొక్కుతాడు.

ఇది సోమరితనానికి సమర్థన కాదు. (హోంవర్కు వాయిదా వేసే పిల్లలు చిరకారిని సాక్ష్యానికి పిలవడం మాకు అనుభవమే!) అతడు పని మరచి నిద్రపోలేదు, ఇచ్చిన మాటను మళ్లీ తూచి చూశాడు. అయినా ఒక లోపం మిగిలే ఉన్నది. తండ్రి వచ్చేదాకా ఆయుధం అతని చేతిలోనే ఉన్నది. గౌతముడు రాకపోతే ఏమయ్యేదో కథ చెప్పదు. ఆలోచన ముగిసినా 'చేయను' అన్న మాట అతని నోట రాలేదు.

మమ్మల్ని ఎక్కువగా కదిలించేది గౌతముని తిరుగు ప్రయాణం. ఈ ఒక్కనాడు కొడుకు తన పేరు నిలబెట్టుకుంటే చాలునని అతడు దారి పొడవునా కోరుకుంటాడు. తన తొందరను కొడుకు నెమ్మది దిద్దుతుందన్న ఆశ అది. ఒకరి స్వభావం మరొకరి తప్పును ఆపడం కంటే కుటుంబంలో గొప్ప సహకారం ఏమున్నది?

ఇక కథకుని సంగతి. సత్యవతి బిడ్డలకే రాజ్యం దక్కాలని భీష్ముడు బ్రహ్మచర్య వ్రతం పూనాడు. ఆ బిడ్డలిద్దరూ సంతానం లేకుండా మరణించాక, వంశం నిలుపుమని సత్యవతే స్వయంగా కోరింది. ప్రతిజ్ఞకు కారణం తీరిపోయినా అతడు మాట మార్చలేదు. దానిని దృఢత్వమని పొగడడానికి మేము జంకుతున్నాము. ద్రౌపది సభలో ప్రశ్నించినప్పుడు ధర్మం సూక్ష్మమన్నాడే గాని తీర్పు చెప్పలేదు. ఆ తడవు ఎవరినీ కాపాడలేదు.

అంపశయ్య మీద నుంచి ఆలస్యాన్ని మెచ్చుకుంటున్నది ఆయనే. ఇకమీదట పిల్లలకు చిరకారి కథ చెప్పేటప్పుడు, దానిని ఎవరు, ఎక్కడ పడుకొని చెప్పారో కూడా చెప్పదలచాము.