వితర్కం ఆగాలా, కుదుటపడాలా? వితర్కసణ్ఠాన సుత్త పఠనంపై ఒక విమర్శ

మజ్ఝిమనికాయంలోని 152 సుత్తాలలో ఇరవయ్యవది వితర్కసణ్ఠాన సుత్తం. సావత్థిలోని జేతవనంలో ఉపదేశించినట్లుగా సంకలితమైన ఈ చిన్న సుత్తం, అధిచిత్త సాధన చేసే భిక్షువు మనస్సును రాగ ద్వేష మోహాలతో కూడిన వితర్కాలు ముసురుకొన్నప్పుడు అతడు అవలంబించవలసిన ఐదు ఉపాయాలను వివరిస్తుంది. నేటి ధ్యానసాహిత్యం దీనిని తరచుగా ఉదహరిస్తుంది. అయితే ఆ ఉదాహరణలలో అధికభాగం ఒకే నిర్ణయానికి వస్తాయి: ఆలోచనలను ఆపివేయడమే సుత్త లక్ష్యమని, ఆలోచనారహిత స్థితియే దాని ఫలమని. సుత్త నిర్మాణం ఈ పఠనాన్ని సమర్థించదని నా అభిప్రాయం. ఇది కేవలం పదార్థ చర్చ కాదు. సాధకుడు ఏ ప్రమాణంతో తన సాధనను కొలుచుకొంటాడన్నది దీనిపై ఆధారపడి ఉంది. ఆలోచన రాకపోవడమే ప్రమాణమైతే, వచ్చిన ప్రతి ఆలోచనా ఓటమిగానే తోస్తుంది.

మొదటి చిక్కు శీర్షికలోనే ఉంది. ఆంగ్లానువాదాలలో స్థిరపడిన పేరు, చెదరగొట్టే ఆలోచనలను తొలగించడమన్న అర్థాన్నిస్తుంది. కాని 'సణ్ఠాన' శబ్దానికి ఆకృతి, నిలకడ, నెలకొనడం అనే అర్థాలున్నాయి. సంస్కృతంలో దీని రూపం 'సంస్థానం'. తెలుగులో ఆ మాట వినగానే గద్వాల, వనపర్తి వంటివి స్ఫురిస్తాయి కనుక తత్సమం ఇక్కడ ఉపకరించదు. 'వితర్కం' కూడా తెలుగులో వాదోపవాదాల వైపు మొగ్గిన పదం. పాళిలో అది మనస్సు ఒక విషయంపైకి వెళ్లి వాలడాన్ని సూచిస్తుంది. అటువంటి వాలుట అంతా దోషమని సుత్తం ఎక్కడా అనదు. అకుశలమైనదానినే అది లక్ష్యంగా చేసుకొంటుంది.

మొదటి ఉపాయం ఈ విషయాన్ని స్పష్టపరుస్తుంది. అకుశల వితర్కాన్ని పుట్టిస్తున్న నిమిత్తాన్ని విడిచి, కుశలంతో కూడిన మరొక నిమిత్తంపై మనస్సు నిలపాలి. నేర్పరియైన పనివాడు సన్నని మేకుతో మొద్దు మేకును వెలికి కొట్టడం దీనికి ఉపమానం. మొద్దు మేకు పోయిన చోట సన్న మేకు ఉంటుంది. రంధ్రం ఖాళీగా మిగలదు. చైనా భాషలోని మధ్యమాగమంలో 101వ సూత్రం దీనికి సమాంతర పాఠం. గౌతమ సంఘదేవుడు క్రీ.శ. 397-398లో అనువదించిన ఆ పాఠంలో మేకులు లేవు. అక్కడ వడ్రంగి కొయ్యపై మసిదారంతో గీత కొట్టి, పదునైన పనిముట్టుతో దానిని సరళంగా చెక్కుతాడు. ఒక పాఠంలో మార్పిడి, మరొకదానిలో సరిదిద్దడం. రెండింటిలోనూ కొయ్య మిగులుతుంది, పని కొనసాగుతుంది. గుంటుపల్లి వృత్తాకార చైత్యగుహ కప్పులో దారువాసాలను రాతిలో మలచిన తీరు చూసినవారికి, ఆనాటి భిక్షుసంఘానికి వడ్రంగం ఎంత చేరువైన విద్యో వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ ఉపాయం ఆ వితర్కాలలోని ఆదీనవాన్ని, అంటే కీడును పరిశీలించడం. మూడవది వాటిని పట్టించుకొనకపోవడం, చూడదలచనివాడు కన్నులు మూసుకొన్నట్లు లేదా చూపు మరల్చినట్లు. వీటిపై వివాదం స్వల్పం.

నాల్గవదే ఈ సుత్తానికి హృదయం. దాని పేరు వితర్కసంఖార సణ్ఠానం; సుత్తానికి పేరు వచ్చింది కూడా ఇక్కడి నుండే. ఉపమానం ఇది: వేగంగా నడిచే ఒకడు తానెందుకు ఇంత వేగంగా నడుస్తున్నానని తనను ప్రశ్నించుకొని మెల్లగా నడుస్తాడు, పిదప నిలుస్తాడు, పిదప కూర్చుంటాడు, చివరకు పడుకొంటాడు. పరుగులెత్తే మనస్సుకు ఇంతకంటె తగిన చిత్రం నికాయాలలో అరుదు. వేగం నుండి విశ్రాంతికి ఒక్క గంతులో చేరడం ఇందులో లేదు. మెట్టు మెట్టుగా స్థూలమైన ఇరియాపథం నుండి సూక్ష్మమైనదానికి దిగడం ఉంది. ఈ దిగుడుకు ప్రారంభం ఆజ్ఞ కాదు, ప్రశ్న.

ఈ ఉపాయానికి పపంచసూదని చెప్పిన వ్యాఖ్యను కొందరు ఆధునికులు తోసిపుచ్చుతారు. అట్ఠకథ 'సంఖార' పదానికి కారణం, మూలం అని అర్థం చెప్పి, ఆలోచన పుట్టిన చోటును వెదకమంటుంది. ఉపమానంలో నెమ్మదించడం ఉంటే వ్యాఖ్యలో కారణాన్వేషణ ఉందని వారి ఆక్షేపణ. కాని అట్ఠకథ జోడించిన దుద్దుభ జాతక కథను గమనిస్తే రెండింటికీ పొత్తు కుదురుతుంది. మారేడుపండు తాటాకుపై పడిన చప్పుడుకు భూమి బద్దలవుతున్నదని భ్రమించి కుందేలు పరుగెత్తుతుంది; దానిని చూసి అడవి జంతువులన్నీ పరుగెత్తుతాయి. బోధిసత్త్వుడైన సింహం వాటిని నిలిపి, ఎవరు చూశారని ఒక్కొక్క జాతిని అడుగుతూ కుందేలు వద్దకు చేరి, దానిని వెంటబెట్టుకొని చప్పుడు వినబడిన చోటికే వెళుతుంది. అక్కడ ఉన్నది పండు మాత్రమే. మూలం కనబడగానే పరుగుకు ఆధారం పోయింది. అడగడం వల్లనే వేగం తగ్గింది. పురావస్తు పరిశోధకులకు ఈ సింహం స్వజనం వంటిది: శాసనంలో చెరిగిన అక్షరాన్ని ఆత్రంగా పూరించేవాడు కుందేలుతో పరుగెత్తుతున్నాడు, రాతి వద్దకు తిరిగివెళ్లి చూసేవాడు సింహంతో నడుస్తున్నాడు.

ఐదవ ఉపాయమే వివాదాస్పదం. పళ్లు బిగించి, నాలుకను అంగిటికి నొక్కి, మనస్సుతో మనస్సును అణచడం ఇది. బలవంతుడు బలహీనుని పట్టి లొంగదీయడం ఉపమానం. ఇదే పద్ధతి, ఇదే ఉపమానంతో, మహాసచ్చక సుత్తంలో బోధిసత్త్వుని నిష్ఫల తపస్సులలో ఒకటిగా కనిపిస్తుంది. యోహానెస్ బ్రోంఖోర్స్ట్ 1986లో వెలువడిన గ్రంథంలో ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపి, ఇది బౌద్ధేతర సాధన నుండి చొరబడినదని వాదించారు. వైరుధ్యం నిజమే. కాని ఈ ఉపాయం మధ్యమాగమ పాఠంలోనూ ఉన్నందున, ఇది ప్రక్షిప్తమే అయినా థేరవాద పరంపర ఒక్కటే చేర్చినదని అనలేము. అంతకంటె ముఖ్యం స్థానభేదం. మహాసచ్చకంలో ఈ నిగ్రహం తానే మార్గమై నిలిచింది. ఇక్కడ నాలుగు ఉపాయాలు విఫలమైన తరువాత, ఒక అకుశల వితర్కంపై మాత్రమే ప్రయోగించే కడపటి సాధనం. వాకిలి తెరుచుకొననప్పుడు మాత్రమే గునపం తీసుకొంటాము. ఐదవ ఉపాయాన్ని మొదటిదిగా బోధించే శిబిరాలు, దానిని సిగ్గుపడి విడిచిపెట్టే పుస్తకాలు, రెండూ ఈ క్రమాన్ని విస్మరిస్తున్నవే.

ఈ సుత్తానికి ముందరిదైన ద్వేధావితర్క సుత్తాన్ని కలిపి చదవకపోవడం మరొక లోపం. అందులో కుశల వితర్కాన్ని సైతం అతిగా కొనసాగిస్తే దేహం అలసిపోతుందని, అలసిన దేహంతో కలతపడిన చిత్తం సమాధికి దూరమవుతుందని ఉంది. పొలంలో పైరు నిండి ఉన్నప్పుడు పసులకాపరి కర్ర పట్టి ఆవులను అదిలిస్తాడు. పంట ఇల్లు చేరిన వేసవిలో చెట్టునీడన కూర్చుండి ఆవులున్నాయని గుర్తుంచుకొంటే చాలు. కర్ర ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు దించాలో తెలియడమే అతని నేర్పు. భిక్షువుకూ, రాత్రంతా వాదాలు అల్లుకొనే పండితునికీ ఈ హెచ్చరిక సమానమే.

వితర్కసణ్ఠాన సుత్తం ముగింపు ఈ పఠనానికి తుది సాక్ష్యం. ఐదు ఉపాయాలు ఫలించిన భిక్షువును అది ఆలోచనలు లేనివానిగా వర్ణించదు. వితర్కమార్గాలలో వశిగా, ఏ ఆలోచన కోరితే అది ఆలోచించి, కోరనిదానిని ఆలోచించకుండా ఉండగలవానిగా వర్ణిస్తుంది. కనుక ఈ సుత్తానికి తెలుగు శీర్షిక కావలసివస్తే, 'నిరోధం', 'తొలగింపు' అన్నవాటికంటె 'వితర్కాలను కుదుటపరచడం' సముచితమని నా సూచన. మనసు కుదుటపడిందని మనం అనేటప్పుడు అది శూన్యమైందని ఎవరూ భావించరు. తిరిగి పనికి వచ్చిందనే గ్రహిస్తారు. నెలకొనడం, నిలకడ అనే 'సణ్ఠాన' అర్థాలను మోయగల మాట మన వాడుకలోనే ఉంది. అనువాదకులు దానిని స్వీకరిస్తే, సాధకులు తమను కొలుచుకొనే ప్రమాణం కూడా మారుతుంది.